ఉదాహరణ వాక్యం

లాంజౌలో, పసుపు నది గడ్డకట్టే నెలలో
ప్రచురణాలయం మూడో అంతస్తులో నా కొలువు.
బొగ్గు కుంపటి ఒకటి, బల్లలు ఆరు,
కిటికీ సందుల్లో కుక్కిన పాత పేపర్లు.
బడిపిల్లలకి ఇంగ్లిష్ నిఘంటువు కడుతున్నాం.
అర్థాలు పెద్దవాళ్లు రాస్తారు.
ఉదాహరణ వాక్యాలు నా వంతు,
తొమ్మిది మాటలు మించకూడదు.

చీట్లు వరసలో రావు,
ఎవరి బల్ల మీద ఏది పడితే అది.

దీపం వెలిగించడం, బండి నడపడం, నీళ్లు మరగడం,
సభ జరపడం, పువ్వు పూయడం —
మా నోట అన్నిటికీ ఒకటే మాట, ఖాయ్. తెరవడం.
అందుకే మా పిల్లలు దీపాన్ని ఓపెన్ చేస్తారు,
కారునీ ఓపెన్ చేస్తారు.
తప్పు అని రాయాలి. రాశాను.
ఆ సాయంత్రం గదిలో స్విచ్ నొక్కితే
తెరుచుకున్నట్టే అనిపించింది, గోడలతో సహా.

ఆంట్ దగ్గర అందరం ఆగిపోయాం.
అమ్మ అక్క, అమ్మ చెల్లెలు, నాన్న తోబుట్టువు,
పెదనాన్న భార్య, బాబాయి భార్య, మేనమామ భార్య —
ఇంతమందినీ ఒకే కుర్చీలో కుదేసింది ఇంగ్లిష్.
"విందులో ముందు ఎవరికి వడ్డిస్తారో పాపం"
అన్నారు సంపాదకుడు దౌ గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.
ఆ రోజు నవ్వుకోడానికి అది చాలింది.

ఒక శనివారం రెండు చీట్లు
ఒకే గుండుసూదికి గుచ్చి వచ్చాయి.
లెండ్. బారో.
మాకు రెండూ జియె.
ఇచ్చినా జియె, పుచ్చుకున్నా జియె.
చెయ్యి ఎటు చాపారో ఆ మాటకి పట్టదు.
ఇంగ్లిష్‌కి మాత్రం దిక్కు కావాలి.
వస్తువు ఎవరిది, ఎవరి చేతికి పోయింది,
నోరు తెరిచేముందే ఒప్పుకోవాలి.

సరిగ్గా తొమ్మిది మాటల్లో రాశాను:
నా నీలం కోటు మా అక్కకి లెండ్ చేశాను.
దౌ గారు టిక్కు పెట్టారు.

కోటు నాది కాదు.
అమ్మ రెండేళ్ల గుడ్డ కూపన్లు దాచి
అక్క పేజువాన్‌కి కుట్టించింది.
లోపల దూది, మెడ దగ్గర ఎముక బొత్తాం.
పరీక్షకని వేసుకెళ్లాను, పాసయ్యాను,
దానితోనే రైలెక్కి ఈ ఊరొచ్చాను.
ఆ చలికాలమంతా అక్క
నాన్న చొక్కా మీద చొక్కా తొడుక్కుని
ఇటుకబట్టీకి నడిచింది.
ఉత్తరంలో జియె అనే రాసింది. నేనూ జియె అనే రాశాను.
ఎవరు ఎవరికి? ఇద్దరం అడగలేదు.
దాక్కోడానికి మాట మాకు అంత చోటిచ్చింది.

నిఘంటువు అచ్చయింది. ఎర్ర అట్ట, అరచేతిలో పట్టేంత.
ఎనిమిదేళ్లకి అక్క కూతురు నింగ్‌షూ
పరీక్షలకని మా ఇంట దిగింది.
తెల్లవారకముందే వంటగదిలో వల్లె వేస్తోంది,
గంజి పొంగేదాకా, అదే వాక్యం.
"పిన్నీ, ఈ అక్క కోటు తిరిగిచ్చిందా?"

గరిటె పట్టుకుని నిలబడ్డాను.
ఎన్ని బడుల్లో, ఎన్ని నోళ్లు
మా అక్కని అప్పులపాలు చేశాయో.

సవరణ పంపాను. దౌ గారు అప్పటికి లేరు.
ఆయన కుర్చీలో కుర్రవాడు
పాతదాంట్లో తప్పేమిటన్నాడు.
దిక్కు, అన్నాను.

ఇప్పుడు బారో కింద ఇలా ఉంటుంది:
మా అక్క కోటు బారో చేశాను, ఇంకా తిరిగివ్వలేదు.
ఇంగ్లిష్‌లో పది మాటలు. ఎవరూ లెక్కపెట్టలేదు.
మా పిల్లలు తడబడే ఆ 'హావ్' ఉంది చూడండి,
పని జరగలేదు, గడువూ దాటలేదు
అని రెండూ కలిపి చెప్తుంది.

అచ్చుకి మూడు నెలలు పడుతుంది.
ఆలోగా ఆ వాక్యాన్ని అబద్ధం చెయ్యాలి.

వదులైన ఎముక బొత్తాన్ని నల్లదారంతో బిగించాను.
పోస్టాఫీసు కిటికీలో గుమస్తా
పార్సెల్ తూచి, ఏమిటిది అన్నాడు.
జియె అన్నాను.
ఎటు నుంచి ఎటు అని
అతనూ అడగలేదు.